చైత్రంలో మన వాకిలి: పిట్టలు, అడవి జీవాలు, మన చరిత్ర

చైత్రం వచ్చిందంటే మన మన్యంలో మనుషుల కంటే ముందు మేలుకునేది ఏట్రింత. కొన్ని ఊళ్లలో దీన్నే పసులపోలిగాడు అంటారు. పగలంతా పశువుల వీపుల మీద సవారీ చేసే ఈ నల్లటి చీలికతోక పిట్ట, ఇంకా చీకటి ఉండగానే ఇంటి ముందున్న పనస చెట్టు కొమ్మ మీద కూర్చుని కూత మొదలుపెడుతుంది. కాసేపటికి పెద్ద నల్లంచి అందుకుంటుంది. చలికాలమంతా నోరు మెదపకుండా తిరిగిన నల్లంచి, చైత్రం వచ్చేసరికి ఇంటి కొప్పు మీద నిలబడి రాగాలు తీస్తుంది. ఆ తర్వాత కొండ మీద నుంచి అడవికోడి. ఇంటికోడి కూతకూ అడవికోడి కూతకూ తేడా ఏమిటని ఎవరైనా అడిగితే మన పిల్లలు చెప్పగలగాలి. అడవికోడి కూత పొట్టిది, చివర సాగదు, ఎవరో నోరు మూసినట్టు టక్కున ఆగిపోతుంది.

ఈ ప్రత్యేక సంచిక కోసం చరిత్ర వ్యాసం రాయమని సంఘం పెద్దలు అడిగినప్పుడు, తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మాకు ముందు గుర్తొచ్చినవి ఈ కూతలే. చరిత్ర అంటే పితూరీలు, వీరులు, చట్టాలు, జీవోలు. అవి ఉండాల్సిందే, ఈ వ్యాసంలోనూ వస్తాయి. కానీ మన ఇళ్ల చుట్టూ ఏ పిట్ట ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు వెళ్లింది, దాన్ని చూసి మన వాళ్లు ఏం తెలుసుకున్నారు, ఆ తెలివిని ఎవరు రాసుకున్నారు, ఎవరి పేరుతో రాసుకున్నారు అనేది కూడా చరిత్రే. దాన్ని ఎవరూ మనకు బడిలో చెప్పలేదు.

వాకిలే పంచాంగం

మన పెద్దలకు గోడ మీద క్యాలెండరు లేదు. బూరుగు చెట్టు ఉంది. మాఘ ఫాల్గుణాల్లో బూరుగు ఆకంతా రాల్చేసి ఎర్రటి పూలు విప్పుతుంది. ఆ పూల గిన్నెల్లో తేనె కోసం గోరువంకలు, కాకులు, ఏట్రింతలు, పిగిలిపిట్టలు, రామచిలుకలు అన్నీ ఒక్క చెట్టు మీదే కొట్లాడుకుంటాయి. ఆ సంత చూడాలంటే పొద్దున్నే చెట్టు కింద ఒక గంట కూర్చుంటే చాలు. పక్కనే మోదుగ. ఆ పూలు రాలి కొండ కింద దారి ఎర్రబడేసరికి గెడ్డ ఒడ్డున తోక ఆడిస్తూ తిరిగే చిన్న పిట్టలు మాయమైపోతాయి. అవి చలితో పాటు ఉత్తరం నుంచి వచ్చినవి, ఎండ ముదిరితే వెళ్లిపోయేవి. ఎక్కడికి వెళతాయో మన తాతలకు తెలియదు. ఎప్పుడు వెళతాయో మాత్రం బాగా తెలుసు. అవి కనిపించకపోతే పోడు కొట్టిన చోట ఎండిన కంపను ఒక దగ్గరికి చేర్చే పని మొదలుపెట్టాలని అర్థం.

దిగువ ఊళ్లలో అదే సమయానికి ఇప్ప పువ్వు రాలుతుంది. ఇప్ప పువ్వు రాత్రిపూట, తెల్లవారుజామున రాలుతుంది కాబట్టి ఏరుకోవడానికి ఆడవాళ్లు చీకటితోనే బయలుదేరాలి. వాళ్ల కంటే ముందు వచ్చేది ఎలుగుబంటి. దుప్పులూ వస్తాయి. అందుకే ఇప్ప చెట్టు దగ్గరికి వెళ్లే ఆడవాళ్లు మాట్లాడుకుంటూ, దగ్గుతూ, కర్రతో నేల తడుతూ వెళతారు. ఎలుగు కోపంతో మీదపడే సందర్భాల్లో ఎక్కువ భాగం, అది మనల్ని దగ్గరగా హఠాత్తుగా చూసి భయపడినప్పుడు వచ్చేవే. ఈ సంగతి మన అవ్వలు ఏ శిక్షణ తరగతిలోనూ నేర్చుకోలేదు.

కంసాలి పిట్ట సంగతి చెప్పకుండా చైత్రం పూర్తికాదు. పిడికెడు కూడా ఉండదు, ఒళ్లంతా ఆకుపచ్చ, నుదుటి మీద ఎర్రటి బొట్టు. మిట్టమధ్యాహ్నం ఊరంతా నీడ వెతుక్కుంటుంటే ఇది మాత్రం ఎక్కడో కొమ్మ చివర కూర్చుని కంసాలి రాగిరేకు కొట్టినట్టు టుక్కు టుక్కుమంటూనే ఉంటుంది. ఇది ఎండిపోయిన మెత్తటి కొమ్మనే తొలుచుకుని గూడు చేసుకుంటుంది. మనం పొయ్యిలోకి ముందు విరిచేదీ ఎండిన కొమ్మనే. మేము చిన్నప్పుడు మునగ చెట్టు ఎండు కొమ్మ విరుస్తుంటే మా అవ్వ కింద నుంచి కేకేసేది, బొరియ ఉందేమో చూసి విరవమని. అది జాలితో చెప్పిందో, కొమ్మ విరిగి మేము పడతామని చెప్పిందో ఇప్పటికీ తెలియదు. బొరియ ఉన్న కొమ్మను మాత్రం మేము విరవలేదు.

కోయిల గురించి కవులు చాలా రాశారు. కానీ కోయిలకు గూడు ఉండదనీ, కాకి గూట్లో గుడ్డు పెడుతుందనీ, నల్లగా ఉండేది మగదనీ, కూసేదీ ఎక్కువగా అదేననీ, ఆడది గోధుమరంగు మీద తెల్లటి చుక్కలతో వేరే పిట్టలా ఉంటుందనీ పశువులు కాసిన ప్రతి పిల్లవాడికీ తెలుసు. పాలపిట్ట కూర్చున్నప్పుడు ఏమంత గొప్పగా కనిపించదు. ఈ రోజుల్లో మగపిట్ట పైకి ఎగిరి, రెక్కల నీలమంతా విప్పి, పల్టీలు కొడుతూ అరుస్తూ కిందికి దూకుతుంది. దసరా రోజు పాలపిట్టను చూడడం శుభమని దిగువ పట్టణాల్లో వెతుక్కుంటూ తిరుగుతారు. అసలు చూడాల్సింది చైత్రంలో.

ఇక రాత్రి. దారి మధ్యలో కూర్చుని, లైటు పడగానే కళ్లు నిప్పుకణాల్లా మెరిసే పిట్టను మీరు బండి మీద వస్తూ చూసే ఉంటారు. పొదల్లో ముళ్లపంది గలగల. జీలుగు కల్లు కుండల దగ్గర పునుగుపిల్లి చేసే దొంగతనాలు. ఇవన్నీ అడవి లోపలికి వెళితే కనిపించేవి కావు. అరుగు మీద కూర్చుంటే కనిపించేవి, వినిపించేవి.

ఇటుకల పండగ, వేట

చైత్రంలో మనకు ఇటుకల పండగ వస్తుంది. విత్తనాలకు పూజ చేస్తాం, ఉయ్యాలలు కడతాం, థింసా ఆడతాం, ఆడవాళ్లు దారికి అడ్డంగా కర్ర పెట్టి వచ్చేపోయే వాళ్ల దగ్గర డబ్బులు వసూలు చేస్తారు. మగవాళ్లు వేటకు వెళతారు. ఒట్టి చేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఎగతాళి చేస్తారు. దిగువన చింతూరు వైపు కోయ సోదరుల భూమి పండగలోనూ ఇలాంటి ఆచారమే ఉంది.

వేట గురించి రాయడానికి ఇప్పుడు చాలామంది జంకుతారు. పత్రికల వాళ్లు వచ్చి పేడనీళ్ల ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. మేము జంకకుండా రెండు మాటలూ చెబుతాం. ఒకటి, చైత్రం జీవాలు పిల్లలు పెట్టే కాలం, గుడ్లు పొదిగే కాలం. ఊరు చిన్నదిగా, అడవి పెద్దదిగా ఉన్నప్పుడు ఆ వేటను అడవి తట్టుకుంది. ఇప్పుడు తట్టుకోలేదు. కొండగొర్రె ఎక్కడో ఒకటి అరిచిందంటేనే ఊళ్లో చెప్పుకునే రోజులివి. రెండు, ఆ వేట ఒట్టి చంపడం కాదు. ఏడాదికోసారి ఊరి మగవాళ్లంతా కలిసి తమ కొండ నాలుగు దిక్కులూ నడిచే సందర్భం అది. ఏ వాగులో నీళ్లు మిగిలాయి, ఏ చెట్టు తొర్రలో హార్న్‌బిల్ ఉంది, కణుజు అడుగులు ఎటు పోయాయి, ఎలుగు ఏ గుహలో ఉంది అనేది ఏటేటా చూసి వచ్చేవాళ్లు. రాత్రి నిప్పు చుట్టూ కూర్చుని పెద్దవాళ్లు కుర్రవాళ్లకు చెప్పేవాళ్లు. ఇవాళ అటవీశాఖ వాళ్లు బృందాలుగా నడిచి జంతువుల జాడలు లెక్కపెడతారు చూడండి, అలాంటిదే, కాగితం లేకుండా.

మన ఇంటిపేర్లలోనూ ఈ జీవాలే ఉన్నాయి. కిల్లో అంటే పులి, పాంగి అంటే గద్ద, గొల్లోరి అంటే కోతి. ఏ వంశం వాళ్లు ఆ వంశపు జీవిని చంపరు, తినరు. చనిపోయి కనిపిస్తే ఇంట్లో మనిషి పోయినట్టు చూసే పెద్దలు ఇంకా ఉన్నారు. ఊరందరూ కలిసి వేటాడినా, ప్రతి ఇంటికీ చేతులు పెట్టకూడని జీవం ఒకటి ఉండేదన్నమాట. ఆధార్ కార్డు మీద ఇంటిపేరు చూసుకున్నప్పుడైనా ఇది గుర్తు చేసుకోండి.

బయటివాళ్లు రాసుకున్న పుస్తకాలు

మన నేల పిట్టల గురించి అచ్చులో మొదట రాసిన వాళ్లలో టి.సి.జెర్డన్ ఒకడు. ఈస్టిండియా కంపెనీ డాక్టరు. 1840లలో నెల్లూరులో సివిల్ సర్జనుగా ఉన్నప్పుడు అక్కడి యానాదులతో కలిసి తిరిగి జీవాల సంగతులు సేకరించాడు. 1862–64 మధ్య వచ్చిన అతని పక్షుల పుస్తకంలో చాలా పిట్టలకు ఇంగ్లీషు పేరు పక్కనే తెలుగు పేరు కూడా ఉంటుంది. పెద్ద నల్లంచి, సిద లాంటి మాటలు అలా అచ్చులో మిగిలాయి. ఆ పేర్లు చెప్పిన మనుషుల పేర్లు మిగల్లేదు. అయినా జెర్డన్‌ను మేము తప్పుపట్టం. విన్న మాటను కనీసం రాశాడు.

ఆ తర్వాత అడవి మీద చట్టాలు వచ్చాయి. 1879లో రంప పితూరీ లేచింది. కల్లు మీద చిగురు పన్ను, పోడు మీద ఆంక్షలు, మన్సబ్‌దారు దౌర్జన్యం దానికి కారణాలు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవి రిజర్వు అయింది, పోడు నేరమైంది, పశువుల మేత నేరమైంది. 1912లో అడవి పక్షులు, జంతువుల రక్షణ చట్టం చేశారు. ఫలానా నెలల్లో ఫలానా జీవాలను కొట్టకూడదని అందులో ఉంది. మంచిదే. కానీ అదే కాలంలో లైసెన్సూ తుపాకీ ఉన్న దొరలకు, జమీందార్లకు షికారు వినోదం. విల్లూ బాణం ఉన్న మనవాళ్లకు మాత్రం అదే పని దొంగతనం. ఈ తేడా గుర్తుపెట్టుకోకపోతే మన పెద్దలకు అటవీశాఖ అంటే ఎందుకు అంత భయమో, అంత కోపమో అర్థం కాదు.

నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వెళ్లే ఘాట్ దారి మీకు తెలుసు. ఇప్పుడు చలికాలంలో మంచు చూడడానికి కార్లు బారులు తీరుతున్నాయి. ఆ రోడ్డు పనికి మనవాళ్లను సరిగా కూలి ఇవ్వకుండా, కొట్టి పనిచేయించారు. గూడెం తహసీల్దారు బాస్టియన్ పేరు ఆ విషయంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి జరగడానికి వెనుక ఈ కూలి బాధ కూడా ఉంది. 1924 మే 7న రాజును కాల్చి చంపారు. మన్యం చల్లబడిందని ప్రభుత్వం అనుకుంది.

అది జరిగి అయిదారేళ్లయినా కాలేదు, 1929లో తూర్పు కనుమల పక్షుల మీద పెద్ద సర్వే మొదలైంది. డబ్బు పెట్టినవాడి పేరు మీద దాన్ని వెర్నే సర్వే అంటారు. లాపర్సొన్ అనే ఆయన కొండల్లో మకాంలు వేస్తూ పిట్టలను కొట్టి, చర్మాలు ఒలిచి, కాలికి చీటీ కట్టి భద్రపరిచాడు. అప్పట్లో శాస్త్రం అలాగే నడిచేది. ఆ మకాంలలో అనంతగిరి ఉంది, మన లంబసింగి ఉంది. తర్వాత విస్లర్, కిన్నియర్ అనే ఇద్దరు ఆ చర్మాలను పరిశీలించి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వరుసగా వ్యాసాలు రాశారు. పితూరీ అణిచిన మరుసటి దశాబ్దంలోనే లంబసింగి పేరు ప్రపంచ పక్షిశాస్త్రంలోకి ఎక్కింది. బందూకులు పట్టుకుని వచ్చిన పరాయి మనుషులను చూసి ఆ రోజు మన ముత్తాతలు ఏమనుకుని ఉంటారో మీరే ఊహించండి. పిట్టల కోసమే వచ్చారంటే నమ్మారో లేదో.

1931–32లో సలీం అలీ నిజాం రాజ్యంలో ఇలాంటి సర్వేనే చేశాడు. చెంచుల నేల అయిన నల్లమలలో మన్ననూరు, ఫరహాబాదు దగ్గర మకాం వేశాడు. భారత పక్షిశాస్త్రానికి పెద్ద దిక్కైన మనిషి తొలినాళ్లలో నడిచిన కొండలు అవి.

మన కొండల మీద తర్వాత మళ్లీ పనిచేసినవాడు విశాఖపట్నానికి చెందిన కె.ఎస్.ఆర్.కృష్ణరాజు. తెలుగువాడు. ఈ ఘాట్లలో ఏళ్ల తరబడి తిరిగాడు. అమెరికా నుంచి వచ్చిన రిప్లీ, బీలర్‌లతో కలిసి విశాఖ కనుమల పక్షుల జాబితా తయారుచేశాడు. లంబసింగి చుట్టుపక్కల తడి అడవుల పొదల్లో తిరిగే ఒక గోధుమరంగు పిట్టకు 1985లో కృష్ణరాజు పేరు పెట్టారు. ఆ జాతి పిట్టలు మళ్లీ కనిపించేది ఎక్కడో ఈశాన్య రాష్ట్రాల్లో, బర్మా వైపు. మధ్యలో వందల మైళ్లు ఎక్కడా లేవు. ఒకప్పుడు ఈ కొండలకూ ఆ కొండలకూ మధ్య తడి అడవి కలిసి ఉండేదనడానికి చెప్పే ఆనవాళ్లలో మన పొదల్లో గెంతే ఆ పిట్ట ఒకటి.

కలివికోడి నేర్పిన పాఠం

ఇవన్నీ ఒక ఎత్తు, కలివికోడి కథ ఒక ఎత్తు. ఇది మన మన్యంలో జరిగింది కాదు, కడప జిల్లాలో జరిగింది. అయినా ప్రతి ఆదివాసీ పిల్లకూ పిల్లవాడికీ తెలియాలి.

1848లో జెర్డన్ ద్వారా ఈ పిట్ట శాస్త్రానికి తెలిసింది. పగలు పొదల నీడలో కదలకుండా ఉండి, రాత్రి చిట్టడవిలో నేల మీద పరుగెత్తే పిట్ట. పెన్నా లోయలోనూ, గోదావరి లోయలో సిరోంచ, భద్రాచలం వైపునా అప్పట్లో కనిపించింది. 1900 తర్వాత శాస్త్రజ్ఞుల కంట పడలేదు. వెర్నే సర్వేకీ దొరకలేదు. పుస్తకాల్లో అంతరించిపోయిన పిట్టల లెక్కలో దాన్ని కలిపేశారు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ కడప జిల్లా లంకమల కొండల దిగువన దాన్ని మళ్లీ కనుగొన్నాడు. ఎలా? ఊరూరా తిరిగి, రాత్రిపూట పిట్టలు పట్టే వేటగాళ్లను అడిగి. వాళ్లకు ఆ పిట్ట ఎప్పుడూ పోలేదు. దాని పేరు వాళ్ల నోట్లో ఉంది, అది తిరిగే చోటు వాళ్ల కాళ్లకు తెలుసు. 86 ఏళ్లు శాస్త్రం లేదనుకున్న పిట్టను మళ్లీ చూపించింది, బడి మొహం చూడని వేటగాళ్ల తెలివి. దాని కోసమే 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. ఆ తర్వాత దాని జాడ మళ్లీ అరుదైపోయింది. అది వేరే దుఃఖం.

ఊళ్లో ఎవరో ఒకరి నోట పేరు మిగిలి ఉంటే, పోయిందనుకున్న పిట్ట దగ్గరికి కూడా దారి ఉంటుంది. పేరు కూడా పోతే ఏం వెతకాలో కూడా తెలియదు.

రెండు క్లాజులు

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. వేట నేరమైంది. ఇప్పుడు ఇటుకల పండగకు వేటకు వెళితే కేసు. జైలుకు వెళ్లొచ్చిన కుర్రవాళ్లు ఉన్నారు. ఉచ్చులు, కరెంటు తీగలు పెట్టేవాళ్లను మేము ఎంతమాత్రం సమర్థించం. అది వేట కూడా కాదు.

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చినప్పుడు పట్టాల గురించి అందరూ మాట్లాడారు. అదే సెక్షన్ 3లో మనం చదవని రెండు ముక్కలు పక్కపక్కనే ఉన్నాయి. 3(1)(ఎల్) మన సంప్రదాయ హక్కులన్నీ గుర్తిస్తూనే, వేటాడే హక్కును, ఉచ్చు వేసే హక్కును మినహాయించింది. దాని ముందున్న 3(1)(కె) మాత్రం జీవవైవిధ్యానికీ సాంస్కృతిక వైవిధ్యానికీ సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద మనకు సామూహిక హక్కు ఉందని చెప్పింది. విల్లు దించమంది, తెలివి మీదేనంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద పంచాయతీ స్థాయిలో ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు రాయాలనీ ఉంది. చెట్లు, పిట్టలు, జంతువులు, వాటి స్థానిక పేర్లు, వాడకాలు అందులో ఎక్కాలి. మీ పంచాయతీ రిజిస్టరు ఒకసారి అడిగి చూడండి. ఎవరు రాశారు, ఎవరిని అడిగి రాశారు, అందులో మీ భాషలో ఎన్ని పేర్లున్నాయి అని చూడండి. హక్కు కాగితం మీద ఉంది. ఆ జ్ఞానం ఎవరి దగ్గరుందంటే, అరవై దాటిన వాళ్ల దగ్గర.

మేము చేసిన తప్పు

రంగుల బొమ్మలున్న పక్షుల పుస్తకం ఒకటి పట్టుకుని, మూడేళ్ల కిందట మేము నలుగురం పాడేరు అవతల ఒక కొండ ఊరికి వెళ్లాం. మన భాషల్లో పిట్టల పేర్లు రాసుకుందామని. ఆ ఊళ్లో బాగా తెలిసిన తాత ఒకాయన ఉన్నాడన్నారు. సాయంత్రం అరుగు మీద కూర్చోబెట్టి పుస్తకం చూపించాం. ఆయన పేజీలు తిప్పాడు, దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. ఒక పేజీలో పిచ్చుకా గద్దా ఒకే సైజులో ఉన్నాయి. "ఇవి మన పిట్టలు కావు బాబూ. మన పిట్టలు ఇలా కదలకుండా కూర్చోవు," అన్నాడు. మేము నవ్వుకున్నాం. నోటుబుక్‌లో చాలా పేర్లకు ఎదురుగా 'తెలియదు' అని రాసుకున్నాం. పెద్దాయన మర్చిపోయాడు, ఆలస్యంగా వచ్చాం అని మాలో మేము బాధపడ్డాం కూడా.

చీకటి పడడంతో ఆ రాత్రి అక్కడే పడుకున్నాం. తెల్లవారుజామున దగ్గు వినిపించి లేచేసరికి తాత అరుగు మీద కంబళి కప్పుకుని కూర్చుని ఉన్నాడు. ఏట్రింత కూసింది. ఆయన దాని పేరు చెప్పాడు. నల్లంచి. పేరు చెప్పాడు. మాకు వినిపించని దూరపు కూతకు కూడా పేరు చెప్పాడు. వెలుగు రాకముందే, ఒక్క పిట్టనూ చూడకుండా, నోటుబుక్ రెండు పేజీలు నిండాయి. కాసేపటికి పెరట్లో సిద పిట్టల గుంపు ఒక్కసారిగా గోల పెట్టింది. "పాము," అన్నాడు. లేచి వెళ్లి చూశాం. కర్రల మోపు కింద పాము ఉంది. అదే పిట్టలు పిల్లిని చూస్తే వేరేగా అరుస్తాయట. ఆ తేడా మాకు రెండుసార్లు అరిచి చూపించాడు. పళ్లు లేవు కాబట్టి రెండూ ఒకేలా వినిపించాయి, అది వేరే సంగతి.

నిన్న రాసిన 'తెలియదు'లన్నీ సిగ్గుతో కొట్టేశాం. ఆయన జ్ఞానం కళ్లలో లేదు, చెవుల్లో ఉంది. మేము బడిలో నేర్చుకున్న పద్ధతిలో అడిగి, జవాబు రాకపోతే ఆయనకు తెలియదని రాసుకున్నాం. బయటివాళ్లు మన గురించి ఇలాగే రాశారని ఇంతసేపూ చెప్పాం కదా. మేమూ అదే చేశాం.

కాబట్టి ఈ చైత్రంలో సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు పుస్తకం, ఫోను ముందు తీయకండి. తెల్లవారకముందు లేచి, ఇంట్లో పెద్దవాళ్ల పక్కన అరుగు మీద కూర్చోండి. కూత వినపడినప్పుడు అడగండి. పేరు ఒక్కటే అడిగి ఆగకండి, అదేం చేస్తోందో అడగండి. తర్వాత ఫోనులో ఆ కూతను, పెద్దవాళ్ల గొంతును కలిపి రికార్డు చేయండి. ఊరి పేరు, తేదీ, భాష రాయండి. చెప్పినవాళ్ల పేరు తప్పకుండా రాయండి. కువి మాట్లాడేవాళ్లు కువిలో, కుపియా వాళ్లు కుపియాలో, ఆదివాసీ ఒడియా వాళ్లు ఆ మాటలో. ఈ వ్యాసంలో మేము తెలుగు పేర్లే వాడడానికి కారణం కూడా అదే. ఒక ఊరి మాటను అచ్చేసి పక్క ఊరి మాటను తుడిచెయ్యడం మాకు ఇష్టం లేదు. ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా ఇళ్ల చుట్టూ పిట్టలు లెక్కపెట్టే కార్యక్రమం ఉంటుంది. పావుగంట చూసినా చాలు, జాబితా పంపొచ్చు. మన దేశంలో 2013 నుంచి జరుగుతోంది. అందులోనూ పాల్గొనండి. మన కొండల నుంచి జాబితాలు వెళ్లాలి.

కాఫీ తోటల సంగతి కూడా ఒకటి చెప్పాలి. తోటలో నీడ కోసం సిల్వర్ ఓక్ వేస్తే మిరియం తీగ బాగా పాకుతుంది, కలప డబ్బూ వస్తుంది. కాదనం. కానీ హార్న్‌బిల్ ఆడపిట్ట చైత్రంలో పెద్ద చెట్టు తొర్రలోకి దూరి, ముక్కు పట్టేంత సందు మాత్రం వదిలి, ద్వారం మూసేసుకుంటుంది. పొదిగి, పిల్లలు కొంత ఎదిగేదాకా బయటికి రాదు. మగపిట్ట మర్రి, జువ్వి, మేడి పళ్లు మోసుకొచ్చి ఆ సందులోంచి పెడుతుంది. దానికి సిల్వర్ ఓక్‌లో తొర్రా దొరకదు, పండూ దొరకదు. తోట గట్టు మీద ఒక ముసలి మర్రి ఉంటే ఈ ఏడాదికి ఉంచమని నాన్నను అడగండి. వచ్చే ఏడాది మళ్లీ అడగండి.

ఆ రోజు బయలుదేరేటప్పుడు, తాత ఇంటావిడ, అంతదాకా పొయ్యి దగ్గర నుంచి మాట్లాడకుండా విన్న అవ్వ, గుమ్మంలోకి వచ్చి ఒక పేరు చెప్పింది. "అది రాశారా?" అంది. మేము వినని పేరు. తాత కాసేపు ఆలోచించి తలూపాడు. తను పెళ్లయి వచ్చిన కొత్తలో చోడి చేను కాపలాకు వెళితే సాయంత్రం పూట గెడ్డ అవతల నుంచి వినిపించేదని అవ్వ చెప్పింది. కూత ఎలా ఉండేదంటే నోటితో చేసి చూపించింది. రెండు స్వరాలు, రెండోది కిందికి దిగుతుంది. చూశావా అవ్వా అంటే, చూడలేదు, చేను వదిలి ఎలా వెళతానంది. ఎప్పటి నుంచి వినపడడం లేదంటే, రోడ్డు పడ్డాక అంది.

ఆ కూతను రికార్డు చేసుకున్నాం. తర్వాత పుస్తకాల్లో వెతికాం, పిట్టలు తెలిసినవాళ్లకు వినిపించాం. ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు. ఆ పేరును ఇక్కడ అచ్చువేయడం లేదు. మీ ఊళ్లో మీ అవ్వను అడిగినప్పుడు, మేము అందించకుండా, అదే పేరు తనంతట తాను చెబుతుందేమో తెలుసుకోవాలని ఉంది. మా నోటుబుక్‌లో నలభై రెండో వరుసలో ఆ పేరు, ఊరు, తేదీ, అవ్వ పేరు ఉన్నాయి. ఏ పిట్ట అనే గడి ఖాళీగా ఉంది.